ఇంకా యుద్ధం కాదట

మా ఆయన గల్ఫ్‌లో ఒక రిఫైనరీలో వెల్డరు. సముద్రానికి అవతలి దేశం మీద అమెరికా అధ్యక్షుడు బాంబులు వేయించడం మొదలుపెట్టాక ఎదురుదాడి ఆయన ఉన్న వైపే వస్తుందని మాకు భయం పట్టుకుంది. యుద్ధం వస్తే కంపెనీయే టికెట్ కొని ఇంటికి పంపాలని ఆయన కాంట్రాక్టులో ఉంది. ఇది యుద్ధం కాదు, ఎవరూ ప్రకటించలేదు అంది కంపెనీ. సొంతంగా వచ్చేస్తే ఉద్యోగం పోయినట్టే.

బీఏలో నేను పొలిటికల్ సైన్సు చదివాను. అమెరికాలో యుద్ధం ప్రకటించే అధికారం అధ్యక్షుడిది కాదు, కాంగ్రెసుది, అంటే వాళ్ల పార్లమెంటుది. దాని అనుమతి లేకుండా సైన్యాన్ని దించితే అరవై రోజుల్లో ఆపాలని చట్టం. నేను ఆ చట్టాన్నే పట్టుకుని కూర్చున్నాను. కాంగ్రెసు దీన్ని యుద్ధమంటే కంపెనీ కాదనడానికి వీల్లేదు. ఆపమంటే భయమే లేదు.

గడువు దగ్గరపడ్డాక, ఇవి చిన్న దాడులే గనుక ఆ చట్టం కిందికి రావన్నారు అధ్యక్షుడి లాయర్లు. ఆపాలన్న తీర్మానం కాంగ్రెసులో ఓడిపోయింది.

"ఏటంతన్నారమ్మా ఆళ్లు?" అంది మా అత్త, బియ్యం ఏరుతూ.

"ఏమీ తేల్చలేదత్తా."

"మన భుయ్యాడీహ్‌లో పందిట్లో మైకు ఎట్టాలన్నా థానాకెళ్లి పోలీసోళ్ల పర్మిషన్ తేవాల. ఆడు బాంబులేత్తే అడిగేవోడే లేడేటి?"

"ఉన్నారు. అడగట్లేదు."

నిన్న మధ్యాహ్నం ఆయన వీడియో కాల్ చేశారు. మూడేళ్ల పాప ఫోన్ లాక్కుంది. ఆయన వెనక ఎక్కడో సైరన్ మొదలైంది. పాప చప్పట్లు కొట్టింది.

"భోంపూ బజా. పాపా కీ ఛుట్టీ హో గయీ."

ఈ హిందీ ఊళ్లో పుట్టిన పిల్లకి సైరన్ అంటే ఫ్యాక్టరీ భోంపే, దానికి ఒకటే అర్థం. ఫ్యాక్టరీలో షిఫ్టు అయిపోయింది, నాన్నలు ఇళ్లకి వస్తారు. అత్త కూడా నవ్వుతూ, "అప్పుడే డ్యూటీ దిగిపోనావేట్రా?" అంది.

ఆయన పక్కకి చూశారు. "అవునమ్మా, దిగిపోనాను. మళ్లీ చేత్తాను." తెర నల్లబడింది. పరుగెత్తుతున్న అడుగుల చప్పుడు కాసేపు వినపడి లైన్ తెగిపోయింది. పాప చెప్పులేసుకుని వీధి గుమ్మంలో నిలబడింది, నాన్న కోసం. నేను దాన్ని లోపలికి పిలవలేకపోయాను.

దీపాలు పెట్టే వేళకి ఫోన్ వచ్చింది.

"ఏటీ కాలేదే. రోజూ మోగతాది. అలవాటైపోనాది."

"టికెట్ కొనుక్కుని వచ్చేయండి."

"మరి ఉజ్జోగం?"

"పోనివ్వండి."

"ఇంకో వారం సూద్దాంలే. సట్టముందని నువ్వే గదా సెప్పినావు."

"ఉంది. ఎవరు అమలు చేస్తారో, ఎప్పుడు చేస్తారో నాకు తెలీదు. మీరు వచ్చేయండి."

ఆయన టికెట్ చూడటానికి ఒప్పుకున్నారు. "సైరన్ సంగతి అమ్మకి సెప్పకు" అన్నారు.

టికెట్ ఎల్లుండికి దొరికింది. ఇది రాస్తుండగా రాత్రి షిఫ్టు భోంపు మోగింది. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ వింటున్న మోతే. ఫోన్ చేతిలోకి తీసుకుని, అది ఆగేదాకా కూర్చున్నాను.