ముందు నీ చేతికి

కుమాసీ నగరంలోని లారీ స్టాండులో గొడుగు కింద కూర్చుని సెర్వా పదకొండేళ్లుగా అందరికీ బీపీ చూస్తోంది. రెండుసార్లు కొలిచి, "ఒక్కరోజు అంకెకే బెదిరిపోకండి, రేపు మళ్లీ రండి" అంటుంది. తన చేతికి మాత్రం ఆ మిషన్ పట్టీ ఎన్నడూ చుట్టుకోలేదు. తల్లి, అక్క ఇద్దరూ నలభై దాటగానే పక్షవాతంతో పోయారు. ఆమెకిప్పుడు నలభై ఒకటి.

ఇవాళ కల్లు అమ్మే ఒపోకు తాత చెయ్యి చాపలేదు.

"కల్లు పోసేవాడు ముందు తాను తాగాకే ఇంకొకడికిస్తాడు తల్లీ. ముందు నీ చేతికి పెట్టుకో."

"నీకే భయమైతే మా గతేంటక్కా?" అని వెనకెవరో నవ్వారు.

సెర్వా చుట్టుకుంది. పట్టీ బిగుసుకుంది. చివరికి మిషన్ కూసింది.

"బాగానే పనిచేస్తోంది తాతా, చెయ్యివ్వు" అంది, అంకెలను అరచేత్తో మూసేసి. వాటిని తానూ చూడలేదు.