కరెంటు మాట దాచిన ఇరవై మూడు రోజులు

నా చిన్నప్పుడు మా వెల్దుర్తి వైపు మిరప తోటలకు నీళ్ళు పెట్టే మోటార్లు చానా వరకు దొంగ కరెంటుతోనే తిరిగేవి. లైను తీగకు కర్రతో కొక్కెం తగిలిస్తే చాలు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఒక పొద్దున కొక్కెం తీస్తుంటే మా నాన్నకు షాక్ కొట్టింది. ఒళ్ళంతా కొయ్యబారి, విసిరేసినట్టు పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ కుడిచెయ్యి పొట్టకు అతికించినట్టు ఉండిపోయింది.

కేసు పెడతారని భయపడి, గట్టు మీంచి జారిపడ్డాడని చెప్పాలని ఇంట్లో అనుకున్నారు. మాచర్లలో డాక్టరు ఎదురుగా నిలబెట్టి ఎక్స్‌రే తీయించి, ఎముక విరగలేదు, బెణికిందన్నాడు. భుజం చూడ్డానికి మామూలుగానే ఉంది. తర్వాత పసరు కట్టు కట్టించారు. చెయ్యి బయటికి తిరగట్లేదని నాన్న అంటే, "ఏందిరా, కోతల దాకా ఇట్నే పడుకుంటావా?" అని మా పెదనాన్న ఎగతాళి చేసేవాడు. నాన్న గోడవైపు తిరిగి ఎడమచేత్తో అన్నం తినేవాడు. నేను రోజులు లెక్కపెట్టేదాన్ని.

ఇరవై మూడో రోజు నాయనమ్మ పట్టుబట్టి నాన్నను నరసరావుపేట తీసుకెళ్ళింది, నన్నూ వెంటబెట్టుకుని. అక్కడి పెద్ద డాక్టరు రెండు చేతులూ చాపి అరచేతులు పైకి తిప్పమన్నాడు. ఎడమది తిరిగింది. కుడిది తిరగలేదు. ఆయనే పట్టుకుని బయటికి తిప్పబోతే గడియ పెట్టినట్టు ఆగిపోయింది.

"పడితే భుజం ఎముక గుండు ఎక్కువగా ముందుకు జారుద్ది. ఇది వెనక్కి పోయినట్టుంది. మూర్ఛ వస్తేనో, కరెంటు కొడితేనో ఇట్లా అవుద్ది. ఏది?"

నాన్న నాయనమ్మ వైపు చూశాడు. నాయనమ్మే నోరు తెరిచింది.

"కరెంటే నాయనా. కేసవుద్దని దాచాం."

"నేను కరెంటు ఆఫీసోణ్ణి కాదమ్మా," అన్నాడాయన, కోపంగా కాదు, అలసిపోయినట్టు. చెయ్యి కొంచెం ఎడంగా పెట్టించి చంక వైపు నుంచి ఇంకో ఎక్స్‌రే తీయించాడు. గుండు తాను కూర్చోవాల్సిన గూటి వెనక ఇరుక్కుని కనిపించింది. ఎదురుగా తీసిన బొమ్మలో అది గూట్లోనే ఉన్నట్టు మోసం చేస్తుందట. మొదటి రోజుల్లో అయితే మత్తిచ్చి లాగితే కూర్చునేదట. ఇప్పుడూ మత్తిచ్చి లాగారు, రాలేదు. చివరికి భుజం కోసి గుండును గూట్లో కూర్చోబెట్టారు.

ఆ చెయ్యి మళ్ళీ భుజం ఎత్తు దాటి లేవలేదు. మాచర్ల డాక్టర్ని ఎవరైనా తిడితే నాన్న ఊరుకునేవాడు కాదు. ఆయన చేతికి అబద్ధం ఇచ్చింది మనమేగా అనేవాడు.

నా చదువు అయిదో తరగతితో ఆగింది, లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. మొదటి అంకె తప్పు వేసుకుంటే తర్వాత ఎంత జాగ్రత్తగా కూడినా జవాబు రాదని నాకు ఏ పుస్తకమూ చెప్పనక్కర్లేకపోయింది. ఇప్పటికీ ఎవర్ని ఆసుపత్రికి తీసుకెళ్ళినా, నొప్పి ఎక్కడో చెప్పకముందే ఏం జరిగిందో చెబుతాను. చెప్పడానికి సిగ్గనిపించేది ఏదైనా ఉంటే, దాన్నే ముందు చెబుతాను.