వడుగ మెంబరు

పోయిన శుక్రవారం ఉదయం మా కులసంఘం పెద్దలు ముగ్గురు ఇంటికి వచ్చారు. సంఘం తరఫున ఏదో విశేష సంచిక వేస్తున్నారట, అందులో మా పెదనాయన బొమ్మ మొదటి పుటలో పెట్టి కింద ‘మన కులరత్నం’ అని అచ్చు వేస్తారట, ఫోటో ఉంటే ఇమ్మన్నారు. లేదన్నాను. బీరువాలో ఉంది, అయినా లేదనే చెప్పాను. కాఫీ కూడా ఇవ్వకుండా పంపించాను. ఎనభై ఏళ్ళ మనిషికి ఇంత కోపం ఏమిటని మా కోడలు విస్తుపోయింది. వాళ్ళు వీధి మలుపు తిరగకముందే తలుపు గడియ వేశాను. ఆ ముగ్గురి తండ్రులూ ఆనాడు ఏం చేశారో నేను కళ్ళారా చూసినవాణ్ణి. నా ఈడు వాళ్ళకు సగం చెబితే చాలు, తక్కినది వాళ్ళే అల్లుకోగలరు. అయినా మొత్తం చెబుతాను.

మాది తమిళనాట ఎట్టయాపురం పక్కన నల్లరేగడి పల్లె. పత్తి వేసేవాళ్ళం, సజ్జ వేసేవాళ్ళం, వాన పడితే తినేవాళ్ళం. మా పూర్వులు ఎన్ని తరాల కిందట ఉత్తరాన్నుంచి వచ్చారో చెప్పగలవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు గాని, ఆ సంగతి మేము మరిచినా చుట్టుపక్కలవాళ్ళు మరవలేదు. గడప లోపల తెలుగు మాట్లాడతామన్న ఒక్క కారణానికి గడప దాటితే మేము వడుగులం, అంటే వడక్కు, ఉత్తరం నుంచి వచ్చినవాళ్ళం. మా నాయనకు అన్న అయిన పెదనాయన, వరసగా వానలు తప్పిన ఒక ఏడు, సేద్యం తమ్ముడికి వదిలేసి విరుదునగరం చేరాడు. పాతవాళ్ళు ఇంకా విరుదుపట్టి అనే అంటున్న రోజులవి. ఒక పత్తి మిల్లులో మూటలెత్తే కూలీగా చేరి, మేస్త్రీ అయి, కూలీల అర్జీలు మోసుకు తిరిగి తిరిగి, ఒకసారి ఓడిపోయి రెండోసారి గెలిచి మునిసిపాలిటీలో మెంబరయ్యాడు. ఆయన చదువు పల్లెలో వీధి అరుగు మీద మూడేళ్ళు, అంతే. కౌన్సిల్లో లేచి నిలబడి తమిళంలో మాట్లాడుతుంటే మధ్యలో తెలుగు దొర్లేది, పట్టుపంచెల పెద్దమనుషులు కిసుక్కుమనేవారు. నవ్వు ఆగేదాకా ఆయన ఊరుకుని, అదే వాక్యం మళ్ళీ మొదటినుంచి చెప్పేవాడు. ‘వడుగ మెంబరు’ అన్న పేరు వాళ్ళు పెట్టిందే, వెక్కిరింతగా పెట్టింది.

నేను ట్రైనింగు ముగించుకుని పంతొమ్మిదో ఏట అదే ఊళ్ళో మునిసిపల్ బడిలో పంతులుగా చేరాను. పెదనాయన ఇంట్లోనే మకాం. ఆయనకు పిల్లలు లేరు. పెద్దమ్మ నాకు సజ్జ సంకటి పెట్టి, మీగడ తేలిన మజ్జిగ పోసి, నేను తినేదాకా ఎదురుగా కూర్చునేది. పెదనాయన నోటీసులన్నీ నేనే రాసేవాణ్ణి. ఆయన తెలుగులో చెబుతుంటే నేను తమిళంలో పెట్టేవాణ్ణి. బాగా కుదిరిన వాక్యాన్ని రెండుసార్లు చదివించుకుని చిన్నపిల్లవాడిలా సంతోషించేవాడు.

ఆ ఊళ్ళో నీళ్ళకు ఎంత కరువో అక్కడ బతికినవాళ్ళకు చెప్పనక్కర లేదు. ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే. అంతా మా కులంవాళ్ళే ఉండే మా వీధి వెనక సందులో ఊరు ఊడ్చి శుభ్రం చేసే కుటుంబాలు ఉండేవి. ఆ ఆడవాళ్ళు ఇతరుల బావుల దగ్గర ఖాళీ కడవలు పెట్టుకుని, ఎవరైనా దయతలచి ఎత్తునుంచి పోస్తారేమోనని ఎండలో నిలబడి ఉండేవారు. పెదనాయన రెండేళ్ళు పోరి, మా వీధి చివరా ఆ సందు మొదలూ కలిసేచోట మునిసిపాలిటీ చేత బావి తవ్వించాడు. అదృష్టమో దురదృష్టమో, తియ్యటి నీళ్ళు పడ్డాయి. ఉప్పునీళ్ళు పడి ఉంటే ఏ గొడవా ఉండేది కాదని నేను ఇప్పటికీ అనుకుంటాను.

నీళ్ళు తియ్యనివని తెలిసిన వారానికే, బావిని మా వీధివైపు చేర్చి గోడ కట్టాలని మావాళ్ళు పట్టుబట్టారు. పెదనాయన ఒప్పుకోలేదు. ఒక ఆదివారం మా వీధిలోనే కూటం పెట్టారు. పల్లెనుంచి మా నాయనను కూడా పిలిపించారు. నేను వెనక నిలబడి అంతా విన్నాను.

“నీకు ఓటేసింది మేమా, వాళ్ళా?” అని కులపెద్ద అడిగాడు.

“మీరే ఏసినారు. వాళ్ళకు ఓటు ఏడుంది?” అన్నాడు పెదనాయన. “ఓటు లేనోళ్ళకు దప్పిక ఉండదా?”

ఆ రోజుల్లో పన్ను కట్టేవాళ్ళకే ఓటు. సందులో ఒక్కరికీ లేదు. వాళ్ళ పక్షాన నిలబడితే ఆయనకు వచ్చేది ఏమీ లేదు, పోయేది చాలా ఉంది. అది తెలిసే నిలబడ్డాడు. కులపెద్ద తుండు దులిపి భుజాన వేసుకున్నాడు. ఆ ఇంటికి నిప్పూ నీళ్ళూ ఇవ్వకూడదని కూటం తీర్పు చెప్పింది.

కూటం ముగిశాక మా నాయన నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు.

“ఈ పొద్దే పెట్టె ఎత్తుకో. నిన్నూ ఎలేస్తే మన సేన్లో దున్నేదానికి ఎవుడొస్తాడు?”

ఇరవై రెండేళ్ళవాణ్ణి, సొంత జీతం ఉన్నవాణ్ణి, పిల్లలకు ధైర్యం గురించి పద్యాలు చెప్పేవాణ్ణి, నోరు మూసుకుని లోపలికి వెళ్ళి బట్టలు సర్దుకున్నాను. పెదనాయన తిడతాడనుకున్నాను. ఆయన వచ్చి, నా పెట్టె మూత సరిగా పడకపోతే మోకాలితో అదిమి, తాడు కట్టి పెట్టాడు.

“నోటీసు నేనే రాసుకుంటాలే అబ్బాయ. తప్పులుంటే నవ్వుతారు, అంతే గదా.”

తిట్టి ఉంటే ఇన్నేళ్ళూ ఇంత మండేది కాదు.

నేను అదే ఊళ్ళో వేరే ఇంటికి మారి బడి పని చేసుకుంటుండగా మళ్ళీ ఎన్నికలు వచ్చాయి. ఆయన స్వహస్తాలతో రాసిన నోటీసు మా బడి గోడ మీద కూడా అతికించారు. పిల్లలు తప్పులు చూపించి నవ్వితే బెత్తం తీసి కొట్టాను. ఆ దెబ్బలు తగలవలసింది నాకు. ఎదుటి పక్షంవాళ్ళు తమిళుల వీధుల్లో “వడుగనుక్కా ఓట్టు?” అని అరిచారు, వడుగవాడికా మీ ఓటు అని. మా వీధిలోనేమో, వాడు మనవాడే కాదన్నారు. ఒకే మనిషి ఒకే రోజున ఒక వీధికి పరాయివాడు, ఇంకో వీధికి కులద్రోహి! ఓడిపోయాడు. మా వీధిలో ఆయనకు ఓటు వేసినవాళ్ళు ఉన్నారో లేరో నాకు తెలియదు. నేను వేశాను, దొంగలా వేశాను, ఎవరికీ చెప్పలేదు.

గెలిచినవాడు మొదట చేసిన పని గోడ. పునాది తీసిన రోజు పెదనాయన వెళ్ళి ఆ గుంటలో కూర్చున్నాడు. తాపీవాళ్ళు ఆయన మేస్త్రీగా ఉన్న మిల్లులో పనిచేసినవాళ్ళే, తాపీలు కింద పెట్టి ఇళ్ళకు వెళ్ళిపోయారు. మర్నాడు పోలీసులు వచ్చి రెండు రెక్కలు పట్టుకుని లేవదీశారు. మా వీధి అరుగులన్నీ నిండి ఉన్నాయి, పోయిన శుక్రవారం వచ్చిన ముగ్గురి తండ్రులూ అక్కడే ఉన్నారు, ఒక్కరూ దిగలేదు. నేను బావివైపు ఉన్న బడి కిటికీ దగ్గర నిలబడి చూస్తున్నాను. మూడోనాటికి నిలువెత్తు గోడ లేచింది.

ఆ నెలలోనే ఆయన పెద్దమ్మను తీసుకుని కోవిల్‌పట్టి వెళ్ళిపోయాడు. అక్కడి నూలుమిల్లు కూలీల పేటలో చిన్న ఇల్లు తీసుకుని మళ్ళీ అర్జీలు మోయడం మొదలుపెట్టాడు. మూడేళ్ళకు ఆ పేటవాళ్ళు ఆయనను పంచాయతీ బోర్డుకు ఎన్నుకున్నారు. నలభై రకాల మనుషులున్న పేట అది. అక్కడ కూడా ఆయన వడుగ మెంబరే, కాని అక్కడ ఆ పేరును ఇంటిమనిషిని పిలిచినట్టు పిలిచేవారు. రెండు బావులు తవ్వించాడు, దేనికీ గోడ లేదు. నేను ఏడాదికి ఒకసారి, ఎవరికీ తెలియకుండా, వెళ్ళి చూసి వచ్చేవాణ్ణి. గోడ సంగతి ఆయన ఎత్తేవాడు కాదు, నేనూ ఎత్తేవాణ్ణి కాను.

ఒక వేసవిలో విషజ్వరం ఆయనను పది రోజుల్లో తీసుకుపోయింది. బడికి తంతి వచ్చింది. విరుదునగరం స్టేషన్లో నేను ఎక్కిన పెట్టెలోనే సందు ఆడవాళ్ళు, మగవాళ్ళు ఇరవైమంది దాకా ఎక్కారు. పనిమాని, టిక్కెట్టు కొనుక్కుని బయలుదేరారు. ఒక ముసలామె నన్ను గుర్తుపట్టి, “వాత్యారే, మీరూ ఆడికేనా?” అని తమిళంలో అడిగింది, వాత్యారంటే పంతులు. తల ఊపాను. సాత్తూరు దాటేదాకా ఆమె ముఖం చూడలేకపోయాను. మా వీధినుంచి ఒక్కరంటే ఒక్కరు రాలేదు. తోడబుట్టిన మా నాయన రాలేదు.

పాడె ఎత్తేవేళ నేను ముందుకు వెళ్ళబోతే పెద్దమ్మ నా భుజం మీద చెయ్యి వేసి ఆపింది. ఆమె గొంతులో ఏడుపు లేదు.

“కొరివి నువ్వు పెట్టు నాయనా, అది నీ హక్కు. మోసేది మాత్రం వాళ్ళను మోయనీ.”

మిల్లు కూలీలిద్దరు, సందువాళ్ళిద్దరు ఎత్తుకున్నారు. నేను కుండ పట్టుకుని ముందు నడిచాను.

ఇప్పుడు విరుదునగరంలో ఆ బావి లేదు, పూడ్చేసి కొట్లు కట్టారు. గోడ ఎప్పుడు పడిందో ఎవరూ గమనించలేదు. ఇంటింటికీ కొళాయి వచ్చింది. సందువాళ్ళ మనవళ్ళకు ఓట్లున్నాయి, ఎన్నికలొస్తే చేతులు జోడించుకుని వాళ్ళ గుమ్మాల ముందు నిలబడేవాళ్ళలో మా వీధివాళ్ళే ముందుంటారు. మమ్మల్ని వడుగులని పిలిచేవాళ్ళూ తగ్గారు. మా మనవలకు తెలుగే సరిగా రాదు, ఇక పిలవడానికి ఏముంది? కాలం మారిందని అందరూ అంటారు, నేను కాదనను. కాని ఎవరికీ ఎవరి చేతి నీళ్ళూ అక్కర్లేకుండా పోయిందే తప్ప, మా మనసులు కడుక్కున్న దాఖలా నాకు కనిపించలేదు. ఈ రోజు ఆ కొళాయిలన్నీ ఎండిపోయి ఊరికంతటికీ ఒక్క బావే మిగిలితే, గోడ కట్టేవాళ్ళు ఎందరో, గుంటలో కూర్చునేవాళ్ళు ఎందరో నేను చెప్పలేను. కిటికీ దగ్గర నిలబడి చూసేవాళ్ళు మాత్రం చాలామంది ఉంటారు. అది నాకు బాగా తెలుసు.