ఊరగాయ బయటపెట్టిన ఆపరేషన్

"ఏమే, ఈ నెల ఎప్పుడు కూర్చుంటావు?"

"గురువారం పెట్టుకుందాంలే. అప్పటికి పెళ్లి చీరలు మగ్గం దిగిపోతాయి."

నేనూ నా మొగుడూ చివరిగా మాట్లాడుకున్న మాటలు ఇవే. ఆయన నవ్వుకుంటూ మగ్గాల షెడ్డులోకి వెళ్లాడు, అక్కడే గుండె ఆగి పోయాడు. పోయే ముందు మాటలంటే జనం ఏదేదో గొప్పగా అనుకుంటారు. మావి ఇద్దరు దొంగలు మాట్లాడుకునే మాటలు. ఆ దొంగతనం ఏమిటో చెప్తాను.

నాకు సంతకం తప్ప రాత రాదు. రాస్తున్నది మా మరిది కూతురు, పెళ్లయినా మాకు పాపే. వచ్చే బుధవారం ఆమెకు తిరుపతిలో ఆపరేషన్. పోవాలా వద్దా అని ఇంకా ఊగిసలాడుతోంది. ఆమెకున్న జబ్బే నాకూ ఉండేది కాబట్టి, పట్టుబట్టి ఆమె చేతే రాయిస్తున్నాను.

నగరిలో మాకు నాలుగు మరమగ్గాలు. మా అత్త కట్టుబాట్లలో గట్టిది. ముట్టయితే మూడు రోజులు దేన్నీ తాకకుండా పెరటి వరండాలో చాప మీద కూర్చోవాలి. మిగతా ఆడవాళ్లు గొణిగేవాళ్లు. నేను మాత్రం ఎవరూ చెప్పకముందే చాప చంకన పెట్టుకుని పోయేదాన్ని. "మా పెద్ద కోడలంత ఆచారం ఎవురికుండాది" అని అత్త వీధంతా చెప్పుకునేది. అసలు సంగతి, నాకు నిలబడే ఓపిక లేక. మగ్గం మోటారు బెల్టు నా పేగుల మీద తిరుగుతున్నట్టు ఉండేది. దొడ్డికి కూర్చున్నా ఏడుపే.

ఇంకొకటి. మొగుడి పక్కన పడుకుంటే లోపల కత్తి దిగినట్టుండేది. చెప్పడానికి నోరు రాక సోమవారం శివుడికి, మంగళవారం ఆంజనేయుడికి, శుక్రవారం అమ్మవారికి, శనివారం కొండ మీది స్వామికి ఉపవాసాలు పట్టాను.

పాప పెన్ను ఆపింది. "ఇది గూడా రాయల్లా పెద్దమ్మా?"

"రాయి. నీ మొగుడికి నువ్వు ఎంతమంది దేవుళ్లను అడ్డం పెట్టుండావో నాకు తెల్దా?"

తల వంచుకుని రాస్తోంది.

నా మొగుడు పిచ్చోడేమీ కాదు. ఒకరోజు అన్నాడు: "ముగ్గురు దేవుళ్ల దాకా ఓర్చుకున్నాను. నాలుగో ఆయన గూడా వచ్చినాడంటే ఇది భక్తి కాదే. పద, ఆసుపత్రికి."

తిరుపతిలో డాక్టరమ్మ బొమ్మ గీసి చెప్పింది. గర్భసంచి లోపల ఉండే పొరలాంటిది బయట కూడా మొలిచి, పేగులకూ అండాశయాలకూ అంటుకుంటుందట. దాని పేరు నాకు నోరు తిరగదు, ఎండోమెట్రియోసిస్ అని పాప రాస్తోంది. అప్పటికి నాకు నలభై రెండు, పిల్లలు ఇద్దరూ పెద్దవాళ్లు. పొట్టకు చిన్న చిన్న బొక్కలు పెట్టి, అతుక్కున్నవి విడదీసి, గడ్డలతో పాటు గర్భసంచినీ ఒక అండాశయాన్నీ తీసేశారు. ఇంట్లో మాత్రం గడ్డ ఒకటి తీశారన్నాం. గర్భసంచి తీస్తే ఆడదాని నడుము ఎందుకూ పనికిరాదని మా అత్త నమ్మకం.

మొదటి నెలన్నర బరువెత్తలేదు, గట్టిగా తుమ్మాలన్నా భయమే. ఆ తర్వాత ఒక్కో ఉపవాసం మానేస్తూ వచ్చాను. "ఈ వారం ఏ దేవుణ్ణి ఇంటికి పంపినావే?" అని ఆయన చెవిలో అడిగేవాడు. నా తేదీలు లెక్కేసుకోకుండానే పలమనేరులో పెళ్లికి బస్సెక్కాను, అడిగి మరీ రెండోసారి అన్నం పెట్టించుకున్నాను.

చిక్కంతా చాప దగ్గర వచ్చింది. ఇక వరండాలో కూర్చోవలసిన పని లేదు. కానీ పంతొమ్మిదేళ్లు ఆ మూడు రోజులూ నొప్పికే పోయాయి. ఒక్కసారైనా ఊరికే కాళ్లు చాపుకుని పడుకుందామనిపించింది. ఒక్కసారి అలవాటైంది. తేదీ ఇద్దరం కలిసి ఖాయం చేసేవాళ్లం. ఆయన టీ గ్లాసు దూరంగా పెట్టి, నవ్వు బిగబట్టుకుని లోపలికి పరిగెత్తేవాడు.

ఏడాదికి దొరికిపోయాను. వరండాలో కూర్చున్న రెండో రోజు మధ్యాహ్నం అత్త కునుకు తీస్తోంది కదా అని వంటింట్లోకి వెళ్లి ఊరగాయ జాడీలో చెయ్యి పెట్టాను. చెయ్యి లోపల ఉండగానే ఆమె గడపలో నిలబడి ఉంది. ఆ రోజు నుంచీ రోజూ మూత తీసి వాసన చూసింది. నెల గడిచాక పిలిచింది.

"ఊరగాయ చెడలేదు."

"మంచిదే గదా అత్తా."

"యాడ మంచిది? ముట్టు చెయ్యి పెడితే చెడాల. చెడలేదంటే నీకు ముట్టు లేదు. ఎన్నాళ్ల నుంచీ ఈ నాటకం?"

తన నమ్మకం మీద ఆమెకు అనుమానమే రాలేదు. లెక్క తప్పు, జవాబు మాత్రం ఒప్పు. ఏమని వాదించను? అంతా చెప్పేశాను.

"తీసేసినారా? మరి నడుము?"

"ఏడాదిగా నాలుగు మగ్గాలు సూస్తా ఉండాను గదా."

"అయితే అన్నేండ్లు ఆ చాప మీద..."

"నొప్పికి పొర్లాడినాను అత్తా. ఆచారం గాదు."

ఆమె లేచి పెరట్లోకి పోయింది. సాయంత్రం దీపం పెట్టాక వచ్చి అంది: "కూర్చోవాలంటే కూర్చో. జాడీ జోలికి మాత్రం రావద్దు. చిన్న కోడలికి తెలిస్తే ఆమె గూడా ఆపరేషన్ అంటాది." చిన్న కోడలంటే ఈ పాప అమ్మే. ఆమెకు తెలియకుండా ఆయనా నేనూ నెలనెలా తేదీలు పెట్టుకుంటూనే వచ్చాం.

పాప నవ్వింది. నవ్వు ఆగాక అంది: "నొప్పి మళ్లీ రాదని డాక్టరు రాసియ్యలేదు పెద్దమ్మా."

"నాకూ రాసియ్యలేదు. ఇప్పటికీ ఎడమ పక్క అప్పుడప్పుడూ ఒక పోటొస్తాది. ఒంట్లో వేడి పుట్టి చలికాలంలోనూ ఫ్యాను ఏసుకుంటాను. నీది నా మాదిరి గాదు, నీ గర్భసంచి ఉంచుతారంట. మళ్లీ రాకుండా మాత్రలు మింగల్లంట. అది గూడా దాచకుండా రాయి."

"రాసినా."

"నాకు నొప్పి ముప్పాతిక పోయింది. ఆ ముప్పాతికలో నేను మనిషినైనాను. నీకు ఎంత పోతాదో నేను చెప్పలేను. బుధవారం పొద్దున ఆరు గంటల బస్సుకి నేనూ వస్తా. వద్దనుకుంటే ఆ మాట గూడా నువ్వే చెప్పు, నేను కోప్పడను. దానికి ముందు రాసిందంతా ఒకసారి చదువు, విందాం. నేను యాడన్నా ఎక్కువ చేసి చెప్పుంటే నువ్వే కొట్టెయ్. ఊ, మొదట్నుంచీ చదువు."