చంద్రుడి వాకిట్లో క్లారినెట్టు

సూళ్లూరుపేట పెళ్లిబ్యాండులో క్లారినెట్టు ఊదే దరియావలికి సంగీతం తపస్సు కాదు, పని. వాయిద్యం పీకను నాలుకతో తడిపి, కళ్లు సగం మూస్తాడు. పెళ్లికొడుకు వాకిట్లో దిగాడంటే వేళ్లు వాటంతటవే స్వాగతగీతం అందుకుంటాయి. ఆ అలవాటే మద్రాసులో కొంప ముంచబోయింది. చంద్రుడి మీదికి పోయే కథతో తీసిన సినిమాకు నేపథ్య సంగీతం: ముప్పై వయొలిన్లు, కరెంటుతో వింతగా కూసే వాయిద్యపు పెట్టె, మధ్యలో ఇతను. ఆ రోజు గట్టెక్కితేనే ఆ సినిమా వాద్యబృందంలో చోటు. తెరమీద రాకెట్టు దిగగానే, ఎవరూ రాసివ్వని పెళ్లిస్వాగతం ఊదేశాడు. అందరూ ఆగిపోయారు.

"తప్పయిపోయినాది సార్. ఎవురో దిగినారు గదా అని..."

సంగీత దర్శకుడు పగలబడి నవ్వాడు. "పెట్టె చలి పుట్టిస్తోంది, వయొలిన్లు భయపెడుతున్నాయి. అంతదూరం పోయినవాళ్లని రమ్మన్నది నువ్వొక్కడివే. ఆ ముక్క అలాగే ఉంచెయ్!"

ఊరి టెంటు సినిమాహాల్లో ఆ ఘట్టం వచ్చినప్పుడల్లా "అంతా అల్లా దయ" అంటుంది భార్య మస్తాన్‌బీ. "ఆ సారుది గూడా" అంటూ దరియావలి తెరకు సలాము చేస్తాడు.