దుబాయ్‌లో మొగుడు

ఉప్పల్‌లో అద్దెకు గది దొరకాలంటే ఆడదానికి మొగుడుండాలి. ఒంటరి మహిళ పింఛను రావాలంటే ఉండకూడదు. ఈ రెండు నియమాలు పెట్టినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసి ఉండరు. నడుమ నలిగింది మాత్రం తారామణి.

నాచారంలో బిస్కెట్ల ప్యాకింగ్ పని ఆమెది. మొగుడు వదిలేసి వెళ్లి నాలుగేళ్లు. మగదిక్కు లేనివాళ్లకు గది ఇవ్వబోమని ఆరిళ్లవాళ్లు తిప్పి పంపాక, ఏడో ఇంట్లో అబద్ధమాడింది, ఆయన దుబాయ్‌లో ఉన్నాడని. ఎనిమిదేళ్ల కూతురు పద్మశ్రీకీ అదే చెప్పింది. పిల్ల నోట్లో నువ్వుగింజ నానదు మరి. జీతం అద్దెకూ తిండికీ సరిపోయేది. పిల్ల చదువు పింఛను మీదే నడిచేది.

ఆదివారం పొద్దున మేడ మీద తన గది ముందు బట్టలు ఉతుకుతుంటే కింద గేటు దగ్గర మాటలు వినిపించాయి.

"తారామణి ఈడనేనా ఉండేది? పింఛను ఎంక్వైరీకి వచ్చిన. ఒంటరి మహిళ అని ఉన్నది."

"ఒంటరేమిటండీ?" ఇంటామె కనకమహాలక్ష్మి గొంతు. "వాళ్లాయన దుబాయ్‌లో ఉంటేనూ!"

తారామణి బట్టలు వదిలేసి గదిలోకి పరుగెత్తింది. భయానికి బుద్ధి ఉండదు. తలుపు గడియ పెట్టుకుంటే ఆ మనిషి వెళ్లిపోతాడనిపించింది. "అమ్మా, ఎవరో వచ్చిన్రు" అంటూ పిల్లే చెయ్యి పట్టుకుని కిందికి లాక్కెళ్లింది.

ఎంక్వైరీకి వచ్చిన బిక్షపతి ట్యాబ్ మీద వేలు ఆపి అడిగాడు. "ఏందమ్మా గిది? మొగుడున్నడా, లేడా? ఉన్నడంటే పేరు తీసేస్త."

లేడంటే గది పోతుంది. ఉన్నాడంటే పిల్ల బడి ఆగిపోతుంది. అంతలో పద్మశ్రీ ముందుకొచ్చింది.

"మా నాన్న దుబాయ్‌ల ఉన్నడు సార్. నాకు సైకిల్ తెస్తడు."

బిక్షపతి వేలు కదిలింది.

"లేడు సార్!" తారామణి అరిచినంత పని చేసింది. "యాడికి వోయిండో నాకే తెల్వదు. దుబాయ్ అన్నది అబద్ధం. గది కోసం చెప్పిన."

బిక్షపతి ఏదో నొక్కి, సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. పింఛను దక్కింది. ఇంటామె వంక చూసే ధైర్యం లేక తారామణి చేతులు జోడించి నేల చూస్తూ నిలబడింది.

"అబద్ధమాడావు, ఒళ్లు మండుతోంది నాకు," అంది కనకమహాలక్ష్మి. గేటు మూస్తూ, "ఖాళీ చెయ్యమని మాత్రం అననులే. పైకెళ్లు" అంది.

తారామణికి ఏడుపు ముంచుకొచ్చింది. కళ్లు తుడుచుకుని పిల్ల కోసం చూసింది. పద్మశ్రీ గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"అమ్మా, నాన్న నన్ను కూడా ఇడిసిపెట్టి వోయిండా?"