జేజి ఇచ్చిన శెనక్కాయల చాట

మా జేజి పోయిన మంగళవారం ఆళ్లగడ్డలో చనిపోయింది. నంద్యాలలో నేను చదివే ఇంగ్లీషు బడి హాస్టలుకు చిన్నాన్న వచ్చి, "బట్టలు సర్దుకోమ్మా" అన్నాడు. బస్సు కదిలాకే సంగతి చెప్పాడు.

జేజి అంటే మా నాయన తల్లి. మీరెప్పుడైనా మా ఇంటికొచ్చి ఉంటే మీ ఒళ్లోనూ చాట పెట్టే ఉంటుంది. మా చెల్లెలు నడక నేర్చేటప్పుడు, అది తూలితే చాలు అమ్మ పరిగెత్తేది. జేజి అమ్మను కూర్చోబెట్టి చాటెడు శెనక్కాయలిచ్చేది.

"ఇవి ఒలుచు."

"అత్తా, బిడ్డ పడతాంది!"

"పడనీ. చేతులు ఊరికే ఉంటే ఎత్తుకోను పోతాయి. ఒలుచు."

చుట్టాలొచ్చినా అంతే. "ఈ ఇంట్లో బిడ్డ నడిస్తే మాకు వేళ్లు నొప్పి" అని మేనత్త ఎగతాళి చేసేది.

"పప్పులు మింగేటప్పుడు లేదే నొప్పి!" అనేది జేజి.

తానూ ఒలిచేది, కళ్లు మాత్రం బిడ్డ మీదే. ఆమె చాటలో తొక్కలూ పప్పులూ కలిసిపోయి ఉండేవి. జేజికీ భయమేనని నాకు అప్పుడే తెలిసింది.

చెల్లెలికి అరుగు దిగడం నేర్పింది కూడా ఆమే. "ఎనక్కి తిరుగు. కాలు దించు. నేల యాడికీ పోదులే."

క్లాసులో లేచి ఇంగ్లీషు చదవమన్నప్పుడు ఆ చివరి మాటే లోపల అనుకుని లేస్తాను. ఎవరికీ చెప్పలేదు. జేజికీ చెప్పలేదు.

ఈ వారమంతా వచ్చినవాళ్లందరూ, "పాపం, జేజి కోసం ఎతుకుతాంది" అంటూ చెల్లెల్ని చంకనేసుకున్నారు. ఇప్పుడది అరుగు అంచున నిలబడి చేతులు చాపుతుంది, దిగదు. ఎత్తి ఎత్తి నా నడుం పట్టేసింది. సోమవారం నేను హాస్టలుకు పోవాలి. అదీ నాలాగే భయస్తురాలవుతుందేమోనని నిద్ర పట్టలేదు.

ఈ పొద్దున అది మళ్లీ చేతులు చాపింది. నేను చాట తెచ్చుకుని కూర్చున్నాను.

"ఏందే, బిడ్డ ఏడుస్తాంటే!" అంటూ అమ్మ వంటింట్లోంచి వచ్చింది.

"కూర్చోమ్మా. ఒలుచు."

అమ్మ చాట వైపు చూసి, నా పక్కన కూలబడింది.

చెల్లెలు ఏడ్చి ఏడ్చి ఆగింది. వెనక్కి తిరిగింది. అరుగు మీద బోర్లా పడుకుని ఒక కాలు జార్చింది. కాలు గాల్లో వెతుక్కుంటోంది.

"నేయ... పోదుయే" అని గొణిగింది.

కాలు నేలకు ఆనింది. అది లేచి, మా వైపు చూడను కూడా చూడకుండా కోడిపిల్లల వెంట పోయింది.

అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. చాటలో తొక్కలూ పప్పులూ కలిసిపోయి ఉన్నాయి.